బ్రిటన్ గాలి కరెంటు రేటు వార్తల్లోకి వస్తే ఆ అంకెని ఎలా చదవాలి

బ్రిటన్‌లో సముద్రపు గాలిమరల వేలం ఫలితాలు వచ్చిన ప్రతిసారీ హైదరాబాద్‌లో రెండు రకాల వాళ్లకి పని పడుతుంది. గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల్లో కూర్చుని యూరప్ కరెంటు కంపెనీలకి ఎక్సెల్ షీట్లు నింపేవాళ్లు ఒక రకం. పిల్లలు లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో ఉండి, "ఇక్కడ గాలి కరెంటు చవకంటారు, మా బిల్లు మాత్రం దిగట్లేదు నాన్నా" అంటే ఏం జవాబు చెప్పాలో తోచని అమ్మానాన్నలు రెండో రకం. ఇద్దరికీ పనికొచ్చేలా రాస్తున్నాను. ఆ వార్తల్లో వేలంలో తేలిన రేటు అని ఒక అంకె ఉంటుంది, దాన్ని స్ట్రైక్ ప్రైస్ అంటారు. అది ఒక్కటే చూసి చవక అనో ఖరీదు అనో తేల్చేయకుండా, దాన్ని విప్పి చూడటం ఎలాగో చెప్తాను. ఫోన్‌లో ఉన్న కాలిక్యులేటర్ చాలు, ఒక్క చోట మాత్రం ఎక్సెల్ కావాలి.

ముందు అంకెని మన దారికి తెచ్చుకోండి

వేలం రేట్లన్నీ మెగావాట్ అవర్‌కి ఇన్ని పౌండ్లు అని ఉంటాయి. ఒక మెగావాట్ అవర్ అంటే మన మీటర్ లెక్కలో 1000 యూనిట్లు. కాబట్టి 80 పౌండ్లు అని చూస్తే యూనిట్‌కి 8 పెన్నీలు, అంటే పదితో భాగిస్తే సరిపోతుంది. పౌండు వంద రూపాయలు అనుకుంటే అదే యూనిట్‌కి 8 రూపాయలు. పౌండు వంద దాటి ఎంత ఉంటే అంత శాతం పైకి జరుపుకోండి.

ఇది తేలికే. చాలామంది తడబడేది తర్వాతి మెట్టు దగ్గర, ఆ అంకె ఏ సంవత్సరపు డబ్బులో ఉంది అన్న దగ్గర. బ్రిటన్ ఈ వేలాల పథకాన్ని 2013 ఎనర్జీ యాక్ట్‌తో తెచ్చింది, పేరు కాంట్రాక్ట్స్ ఫర్ డిఫరెన్స్, అందరూ సీఎఫ్‌డీ అంటారు. వేలం ఒక్కో విడతని రౌండ్ అంటారు, మొదటి రౌండ్ నుంచి ఆరో రౌండ్ దాకా రేట్లన్నీ 2012 నాటి పౌండ్లలోనే రాశారు, కానీ చెల్లించేటప్పుడు ద్రవ్యోల్బణాన్ని బట్టి ఏటా పెంచి చెల్లిస్తారు. 2012 రేటుని 2024 డబ్బులోకి తేవాలంటే సుమారు 1.4తో హెచ్చించండి. 2024 సెప్టెంబర్‌లో ఆరో రౌండ్‌లో ఆఫ్‌షోర్ విండ్‌కి, అంటే సముద్రపు గాలిమరలకి, పలికిన రేటు 58.87 పౌండ్లు. ఒక పేపర్ 59 పౌండ్లు అని రాసింది, ఇంకోటి 82 పౌండ్లు అని రాసింది, రెండూ కరెక్టే! మొదటిది 2012 డబ్బు, రెండోది 2024 డబ్బు.

గాలి కరెంటుని మెచ్చుకునేవాళ్లు 59ని పక్కన పెట్టుకుని ఈ రోజు మార్కెట్ ధరతో పోలుస్తారు, తిట్టేవాళ్లు 82ని తీసుకుని హింక్లీ పాయింట్ అణు విద్యుత్ కేంద్రం రేటు 92.50తో పోలుస్తారు. ఆ 92.50 కూడా 2012 డబ్బే, 2024కి తెస్తే 129 దాకా వస్తుంది. ఎవరైనా రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూపిస్తే ముందు అడగాల్సింది ఇదే, రెండూ ఒకే ఏడాది డబ్బేనా అని. కాదంటే ఆ పోలికని అక్కడే వదిలేయండి, దాని మీద వాదన అనవసరం. ఇంకో చిక్కు కూడా ఉంది. ఏడో రౌండ్ నుంచి రేట్లని 2024 డబ్బులో చెప్తున్నారు, కాంట్రాక్టు కాలాన్ని 15 ఏళ్ల నుంచి 20 ఏళ్లకి పెంచారు. అందుకని ఆరో రౌండ్ అంకెనీ ఏడో రౌండ్ అంకెనీ నేరుగా పోల్చి "రేటు ఒక్కసారిగా ఎగిరింది" అనేవాళ్లని నమ్మకండి. ఎగిరిందేమో, కానీ ఎంత ఎగిరిందన్నది ఆ రెండు మార్పులూ సర్దాకే తెలుస్తుంది.

తేడా ఎటు పోతుందో వేసి చూడండి

స్ట్రైక్ ప్రైస్ అంటే ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ అని ఇక్కడ చాలామంది అనుకుంటారు. కాదు. అది ఒక హామీ రేటు. గాలిమరల కంపెనీ తన కరెంటుని మామూలుగానే మార్కెట్లో అమ్ముకుంటుంది. మార్కెట్ ధర హామీ కన్నా తక్కువైతే తేడా దానికి వస్తుంది, ఎక్కువైతే తేడా అది వెనక్కి కట్టాలి. హామీ 80 అనుకోండి. ఒక గంటలో మార్కెట్ ధర 50 ఉంటే కంపెనీకి మెగావాట్ అవర్‌కి 30 పౌండ్లు అదనంగా వస్తాయి. ఇంకో గంటలో 120 ఉంటే అది 40 పౌండ్లు తిరిగి ఇచ్చేయాలి. రెండు సందర్భాల్లోనూ దాని చేతిలో మిగిలేది 80. ఏ గంటకి ఏ మార్కెట్ ధర అనేది ముందు రోజు జరిగే అమ్మకాల్లో తేలిన గంట వారీ ధరని బట్టి నిర్ణయిస్తారు, కంపెనీ నిజంగా ఎంతకి అమ్ముకుందో ఎవరూ అడగరు. తక్కువకి అమ్ముకుంటే నష్టం దానిదే, ఎక్కువకి అమ్ముకుంటే లాభం దానిదే.

కాబట్టి "ఈ ప్రాజెక్టుకి ఇన్ని కోట్ల సబ్సిడీ" అన్న లెక్క ఎవరైనా చూపిస్తే, వాళ్లు రాబోయే పదిహేనేళ్ల మార్కెట్ ధర ఎంత ఉంటుందని అనుకున్నారో వెతకండి. ఆ ఊహ మారితే సబ్సిడీ సున్నా కావచ్చు, మైనస్ కూడా కావచ్చు. 2021-22 చలికాలంలో గ్యాస్ ధరలు మండిపోయినప్పుడు నిజంగా అదే జరిగింది, డబ్బు గాలిమరల వైపు నుంచి వినియోగదారుల వైపు నడిచింది. అప్పుడే కొన్ని కొత్త గాలిమరల పార్కులు తమ కాంట్రాక్టు మొదలయ్యే తేదీని కుదిరినంత ఆలస్యం చేసుకుని ఆ మంచి ధరలకి బయటే అమ్ముకున్నాయి. రూల్స్ ఒప్పుకున్నాయి కాబట్టి తప్పు అనలేం, కానీ బ్రిటన్ ప్రజలకి ఒళ్లు మండిందంటే మండదా మరి.

మార్కెట్ ధర సున్నా కన్నా కిందికి వెళ్లే గంటలు కూడా ఉంటాయి. బాగా గాలి వీచే ఆదివారం రాత్రి, ఫ్యాక్టరీలు మూసి ఉంటాయి, కరెంటు కొనేవాడు ఉండడు. రెండో, మూడో రౌండ్ల కాంట్రాక్టుల్లో వరసగా ఆరు గంటలు అలా ఉంటేనే హామీ డబ్బు ఆగేది. నాలుగో రౌండ్ నుంచి ఒక్క గంట అలా ఉన్నా ఆ గంటకి డబ్బు రాదు. మోడల్ తయారు చేసేవాళ్లు ఏ రౌండ్ ప్రాజెక్టో చూడకుండా అన్నిటికీ ఒకే రూల్ పెట్టేస్తుంటారు, అది పట్టుకోండి.

ఈ డబ్బు ఎవరిస్తారు? లో కార్బన్ కాంట్రాక్ట్స్ కంపెనీ అని ప్రభుత్వ యాజమాన్యంలో ఒక కంపెనీ ఉంది, అది కరెంటు అమ్మే కంపెనీల దగ్గర వసూలు చేసి గాలిమరల వాళ్లకి ఇస్తుంది. అమ్మే కంపెనీలు ఆ భారం జనాల బిల్లులో కలుపుతాయి. మన ట్రూ-అప్ ఛార్జీలు చూసి విసుక్కునే వాళ్లకి ఇది కొత్తగా ఏం అనిపించదు. కానీ ఒక తేడా గమనించండి. అది కంపెనీల మధ్య కుదిరిన మామూలు కాంట్రాక్టు, కొత్త ప్రభుత్వం వచ్చి జీవో ఇచ్చి మార్చగలిగేది కాదు. మనవైపు ఏం జరిగిందో గుర్తుండే ఉంటుంది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాత గాలి, సోలార్ ఒప్పందాల రేట్లు తగ్గించాలని పట్టుబట్టింది, కేసు నడిచినంత కాలం యూనిట్‌కి రెండున్నర రూపాయల లోపే చెల్లించారు, చివరికి 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందంలో ఉన్న రేటే కట్టాలని తేల్చింది. ఈ మధ్యలో బ్యాంకులకి పట్టుకున్న టెన్షన్ ఖరీదు ఎంత అనేది తర్వాతి లెక్కలో తెలుస్తుంది.

దానికి ముందు, పాత పథకాన్ని దీనితో కలపకండి. 2002 నుంచి రెన్యూవబుల్స్ ఆబ్లిగేషన్ అని ఒకటి నడిచింది, 2017లో కొత్తవాళ్లకి తలుపు మూసేశారు, పాతవాళ్లకి మాత్రం ఇంకా నడుస్తోంది. అందులో వెనక్కి కట్టడం అనేది లేదు. మార్కెట్ ధర ఎంతున్నా, తీసిన కరెంటుకి ఇచ్చే సర్టిఫికెట్లు అమ్ముకుంటే వచ్చే డబ్బు వాళ్లకి అదనం. 2022లో ఆకాశాన్నంటిన ధర కూడా వాళ్లదే, సర్టిఫికెట్ కూడా వాళ్లదే. అందుకే 2023 జనవరి నుంచి బ్రిటన్ ప్రభుత్వం ఆ తరహా ఉత్పత్తిదారుల అదనపు రాబడి మీద 45 శాతం పన్ను వేసింది, సీఎఫ్‌డీ వాళ్లని వదిలేసింది. "గాలి కరెంటు వల్లే బిల్లు పెరిగింది" అని వాదించేవాళ్లు చూపించే భారంలో పాత పథకానిది పెద్ద భాగం, అది ఇప్పటి వేలం రేట్లలో కనపడదు.

వడ్డీ లెక్క: ఇదొక్కటి మాత్రం ఎక్సెల్‌లో వేయండి

నన్నడిగితే అసలు కథంతా ఇక్కడే ఉంది. గాలికి డబ్బు కట్టక్కర్లేదు కాబట్టి గాలిమరల ఖర్చులో సింహభాగం మొదటి రోజే పెట్టే పెట్టుబడి, అది అప్పో వాటాదారుల డబ్బో ఏదైనా దాని మీద ఏటా రాబడి ఇవ్వాలి. గ్యాస్ ప్లాంటుకి ఇంధనం ఎంతో గాలిమరకి వడ్డీ అంత.

లెక్క కోసం 1000 మెగావాట్ల ఆఫ్‌షోర్ పార్కు తీసుకోండి, కట్టడానికి 300 కోట్ల పౌండ్లు అయిందనుకోండి. ఇది నేను అనుకున్న అంకె, మీ దగ్గర మంచిది ఉంటే అది పెట్టండి. ఏడాదికి 8760 గంటలు, సముద్రంలో గాలిమర సగటున 40 శాతం నడుస్తుందనుకుంటే 1000ని 8760తో, 0.4తో హెచ్చిస్తే 35 లక్షల మెగావాట్ అవర్లు. ఇప్పుడు ఇంటి లోన్ ఈఎంఐ లెక్కలో వాడే పీఎంటీ ఫంక్షన్ తీసుకుని 25 ఏళ్లకి 5 శాతం వడ్డీతో వేయండి. ఏడాదికి 21 కోట్ల 30 లక్షల పౌండ్లు వస్తుంది. దాన్ని 35 లక్షలతో భాగిస్తే మెగావాట్ అవర్‌కి సుమారు 61 పౌండ్లు. వడ్డీని 8 శాతం చేయండి, మిగతా ఏదీ ముట్టుకోవద్దు. 80 పౌండ్లు వస్తుంది. మరమ్మతులు, సిబ్బంది, సముద్రపు అద్దె ఇంకా కలపనే లేదు. అదే ఇనుము, అదే గాలి, అదే టర్బైన్, వడ్డీ మూడు శాతం పెరిగితే యూనిట్ రేటు దాదాపు మూడో వంతు పెరిగింది.

హామీ రేటు ఎందుకు పెట్టారో ఇప్పుడు తెలుస్తుంది. పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో రాబడి ఎంతో ముందే తెలిస్తే బ్యాంకు తక్కువ వడ్డీకి ఇస్తుంది, ఆ తగ్గిన వడ్డీ తిరిగి జనాల బిల్లులో తగ్గుదలగా వస్తుంది. రేపు రేటు ఎవరైనా మారుస్తారేమో అన్న అనుమానం ఉన్నచోట ఆ మూడు శాతం బ్యాంకు ముందే కలిపేసుకుంటుంది. సముద్రపు అద్దె అన్నాను కదా, అదీ చిన్నది కాదు. బ్రిటన్‌లో సముద్రపు అడుగు భూమిని ఇంగ్లండ్, వేల్స్ వైపు క్రౌన్ ఎస్టేట్ అనే రాజరిక ఆస్తుల సంస్థ లీజుకి ఇస్తుంది. 2021లో జరిగిన వేలంలో కంపెనీలు మెగావాట్‌కి ఏడాదికి 76 వేల నుంచి 1,54,000 పౌండ్ల దాకా, అదీ నిర్మాణం మొదలుపెట్టే ముందే, చెల్లించడానికి ఒప్పుకున్నాయి. ఆ డబ్బు ఎంత వచ్చిపడిందంటే, క్రౌన్ ఎస్టేట్ లాభంలో రాజకుటుంబం ఖర్చుకి ఇచ్చే వాటా మరీ ఉబ్బిపోకుండా ఆ శాతాన్ని 25 నుంచి 12కి తగ్గించాల్సి వచ్చింది.

రేటు తగ్గిందని చప్పట్లు కొట్టే ముందు

వరసగా చూడండి, అన్నీ 2012 డబ్బులోనే. 2015 మొదటి రౌండ్‌లో ఈస్ట్ యాంగ్లియా వన్ ప్రాజెక్టుకి 119.89. 2017లో హార్న్‌సీ టూకి 57.50. 2019లో డాగర్ బ్యాంక్‌కి 40 చుట్టుపక్కల. 2022 జూలైలో నాలుగో రౌండ్‌లో 37.35. ఏడేళ్లలో మూడో వంతుకి దిగింది. మంత్రులు గొప్పలు చెప్పుకున్నారు, చెప్పుకోవాల్సిందే.

ఏడాది తిరిగేసరికి, 2023 జూలైలో, ఆ 37.35కి గెలిచిన నార్ఫోక్ బోరియస్ ప్రాజెక్టుని వాటెన్‌ఫాల్ అనే కంపెనీ ఆపేసింది. ఖర్చులు 40 శాతం దాకా పెరిగాయని చెప్పింది. ఆ సెప్టెంబర్‌లో ఐదో రౌండ్ ఫలితాలు వచ్చాయి. ప్రభుత్వం పెట్టిన గరిష్ఠ పరిమితి 44 పౌండ్లు, ఆఫ్‌షోర్ విండ్‌కి ఒక్క బిడ్ కూడా రాలేదు. అధికారులు ఆ పరిమితి లెక్క కట్టిన నాటికీ బిడ్లు వేసే నాటికీ మధ్య ఇనుము, టర్బైన్లు, వడ్డీ అన్నీ పెరిగిపోయాయి, పరిశ్రమ మొత్తుకున్నా వినలేదు. తర్వాతి రౌండ్‌కి ఆ పరిమితిని 73కి పెంచారు, అప్పుడే 58.87కి బిడ్లు వచ్చాయి. హార్న్‌సీ త్రీ కట్టే ఓర్స్టెడ్ అయితే నాలుగో రౌండ్‌లో గెలిచిన సామర్థ్యంలో కొంత భాగాన్ని, రూల్స్ ఒప్పుకున్న మేరకు, వెనక్కి తీసుకుని ఆరో రౌండ్‌లో 54.23కి మళ్లీ వేసింది. అదే కంపెనీ ఆరో రౌండ్‌లో 2400 మెగావాట్ల హార్న్‌సీ ఫోర్‌ని గెలుచుకుని 2025 మేలో ఆపేసింది.

ఇక్కడ చేయాల్సిన పని ఒకటుంది, ఎవరూ చేయరు. వేలం ఫలితం చూశాక దాన్ని ఫైల్‌లో వేసి మర్చిపోకుండా, ఏడాది, రెండేళ్ల తర్వాత ఆ ప్రాజెక్టుల్లో ఎన్నిటికి తుది పెట్టుబడి నిర్ణయం, అంటే డబ్బు పెట్టి కట్టేస్తామని కంపెనీ ఖాయం చేయడం, జరిగిందో చూడాలి. లో కార్బన్ కాంట్రాక్ట్స్ కంపెనీ తన రిజిస్టర్‌ని అందరికీ తెరిచే ఉంచుతుంది. ప్రాజెక్టు పేరు కొడితే ఇప్పటి స్ట్రైక్ ప్రైస్ ఎంత, సామర్థ్యం ఎంత, ఏ దశలో ఉంది అన్నీ కనిపిస్తాయి. అందులో ఉండే రేటు ద్రవ్యోల్బణం కలిపిన తాజా రేటు కాబట్టి 1.4తో మళ్లీ హెచ్చించే పని లేదు. కట్టని గాలిమర రేటు ఎంత తక్కువైతే మాత్రం ఏం లాభం?

మెగావాట్లు, ఇళ్లు

త్వరగా చెప్పేస్తాను. మెగావాట్లు అంటే గరిష్ఠంగా ఎంత తీయగలదన్నది, ఎంత తీస్తుందన్నది కాదు. ఆఫ్‌షోర్‌కి 40 శాతం, నేల మీద వాటికి 25 నుంచి 30 శాతం మధ్య వేసుకోండి. బ్రిటన్‌కి ఒక అదృష్టం ఉంది, గాలి చలికాలంలో ఎక్కువ, వాళ్ల కరెంటు వాడకమూ అప్పుడే ఎక్కువ. అనంతపురం, గుత్తి వైపు గాలిమరలు జోరుగా తిరిగేది జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, మనకి ఏసీల మోత మోగేది ఏప్రిల్, మే నెలల్లో. ఈ సరదా తెలంగాణకి పెద్దగా లేదులెండి, ఇక్కడ గాలిమరల మొత్తం 128 మెగావాట్లే.

"పది లక్షల ఇళ్లకి సరిపోయే కరెంటు" అని చదివితే, అక్కడ ఒక ఇల్లు అంటే ఏడాదికి సుమారు 2700 యూనిట్లని గుర్తుపెట్టుకోండి. మన 35 లక్షల మెగావాట్ అవర్ల పార్కు 13 లక్షల ఇళ్లకి సరిపోతుంది. వాళ్లు ఇల్లు వేడి చేసుకునేది ఎక్కువగా గ్యాస్‌తో కాబట్టి ఆ అంకె అంత తక్కువ. అయినా నెలకి 225 యూనిట్లు, మన గృహజ్యోతి పరిమితి దాటిపోతుంది!

తీగలు ఎక్కడున్నాయో చూడండి

గాలి స్కాట్లండ్‌లో, జనం ఇంగ్లండ్ దక్షిణాన. మధ్యలో ఉన్న లైన్లు సరిపోవు. సంక్రాంతికి ఊరెళ్లే కార్లన్నీ పంతంగి టోల్‌గేట్ దగ్గర ఆగినట్టు కరెంటు ఆ సరిహద్దు దగ్గర ఆగుతుంది. అప్పుడు గ్రిడ్ నడిపే సంస్థ ఉత్తరాన గాలిమరల్ని ఆపమని డబ్బిస్తుంది, దక్షిణాన గ్యాస్ ప్లాంటుని నడపమని ఇంకో డబ్బిస్తుంది. రెండూ బిల్లులోకే వెళ్తాయి. "గాలిమరలు ఆపడానికి ఇన్ని కోట్లు" అని హెడ్డింగ్ కనిపిస్తే, అందులో ఆపినందుకు ఎంత, బదులు గ్యాస్ నడిపినందుకు ఎంత అని విడదీసి అడగండి, ఎందుకంటే రెండోదే సాధారణంగా పెద్దది, హెడ్డింగ్‌లో తిట్టు మాత్రం మొదటిదానికి పడుతుంది.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి తూర్పు తీరం వెంట సముద్రంలోంచి కొత్త కేబుళ్లు వేయడం, ఆ పని నడుస్తోంది. రెండోది దేశాన్ని మండలాలుగా విడగొట్టి ఎక్కడి ధర అక్కడ పెట్టడం. అలా చేస్తే స్కాట్లండ్‌లో కరెంటు చవకై ఫ్యాక్టరీలు అటు వెళ్లేవేమో, కానీ గాలిమరలకి రాబడి మీద నమ్మకం తగ్గి వడ్డీ పెరిగేది. పై లెక్క గుర్తుందిగా. 2025 జూలైలో ప్రభుత్వం ఆ ఆలోచన వద్దనుకుంది. నాకైతే అది పిరికి నిర్ణయంలా కనిపించింది, కానీ అప్పులిచ్చేవాళ్ల వైపు నుంచి చూస్తే ఎందుకు తీసుకున్నారో అర్థమవుతుంది.

పిల్లల బిల్లు ప్రశ్నకి జవాబు

2024-25లో అక్కడ ఇంటి కరెంటు యూనిట్ 25 పెన్నీల చుట్టూ ఉండేది. ఆరో రౌండ్ వేలంలో గాలి కరెంటు 8 పెన్నీలు. మిగతాది తీగల ఖర్చు, అమ్మే కంపెనీ ఖర్చు, పాత పథకాల భారం, 5 శాతం వ్యాట్. అన్నిటికీ మించి, టోకు మార్కెట్లో ఏ గంటకైనా ధర తేల్చేది ఆ గంటలో ఆఖరున అవసరమైన ప్లాంటు, అది ఎక్కువసార్లు గ్యాస్‌దే. 2024లో బ్రిటన్ కరెంటులో సుమారు 30 శాతం గాలిదే అయినా, గాలి చవకైనంత మాత్రాన ధర దిగదు. గ్యాస్ అవసరం లేని గంటలు పెరిగితేనే దిగుతుంది.

పాత రెన్యూవబుల్స్ ఆబ్లిగేషన్ భారంలో ఇళ్ల వాటాకి సంబంధించి 75 శాతాన్ని 2026 ఏప్రిల్ నుంచి మూడేళ్లపాటు బిల్లుల్లోంచి తీసి ఖజానా మీద వేస్తామని 2025 నవంబర్ బడ్జెట్‌లో చెప్పారు. కాబట్టి మీవాళ్లని 2026 మార్చి బిల్లునీ, మే బిల్లునీ ఫొటో తీసి పంపమనండి. యూనిట్ రేటు ఒక పక్క, రోజువారీ స్థిర ఛార్జీ ఇంకో పక్క రాసుకుని పోల్చండి. అక్కడ కనిపించే తగ్గుదల కొత్త వేలాల వల్ల వచ్చింది కాదు, ప్రధానంగా పాత బాకీ చేతులు మారడం వల్ల వచ్చింది.